ఆషాఢంలో మా తోటికోడలు వేసిన రంగు

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం నేను మా నర్సరీలో గులాబీ అంట్లకు నీళ్ళు పెట్టిస్తుండగా బావగారు గేటు దగ్గరకు వచ్చి నిలబడ్డారు. చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, నా ముఖంలోకి చూస్తూ, "మీ అక్కయ్య వెళ్ళిపోయిందమ్మా," అన్నారు. తరవాత, "మంచినీళ్ళు అడిగింది. గ్లాసు తెచ్చేలోపే..." అన్నారు. కబురు ఎవరి చేతనైనా పంపవచ్చు. అయినా ఆయనే నడిచి వచ్చారు, నాకు ఎదురుగా నిలబడి తన నోటితో తాను చెప్పారు. ఒకప్పుడు మా కుటుంబంలో ఇలాంటిది జరిగేది కాదు.

పోయినావిడ మా బావగారి భార్య, నాకు తోటికోడలు. వరసకు తోటికోడలే గాని నేను ఏనాడూ ఆవిడను అక్కయ్యగారు అని తప్ప పిలవలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చిన వాళ్ళందరూ ఒకే మాట అన్నారు. పసుపు కుంకుమలతో వెళ్ళింది, ఎంత అదృష్టవంతురాలు అని. కొందరు ఆవిడ వంటను మెచ్చుకున్నారు, కొందరు ఆవిడ ఓర్పును మెచ్చుకున్నారు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. కాని ఒక మనిషి డెబ్బై ఏళ్ళు బతికితే చివరికి మిగిలేది భర్తకంటే ముందు పోయిందన్న సంగతి ఒక్కటేనా అని నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. రాస్తున్నకొద్దీ కోపం తగ్గి కృతజ్ఞతే మిగులుతుందని కూడా తెలుసు. ఆవిడ దగ్గర నా కోపాలన్నిటికీ అదే గతి పట్టేది.

నేను కాకినాడలో బి.యస్సీ. చదివి, వృక్షశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకుని, కడియం దగ్గర మా అత్తవారి ఊరికి కాపురానికి వచ్చాను. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మరదలు బావగారి ఎదుట నిలబడి మాట్లాడకూడదు. ఆయన కూడా మరదలితో నేరుగా మాట్లాడరు. ఆయన వీధి అరుగు మీద, నేను తలుపు వెనక. మా మధ్య ఉన్నది ఒక్క గుమ్మమే. ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తూనే ఉంటుంది. అయినా ప్రతి మాటా అక్కయ్యగారి ద్వారా వెళ్ళి, అక్కయ్యగారి ద్వారానే తిరిగి రావాలి.

నేను వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ ఆ పని ఎలా చేస్తారో చూశాను. నేను గదిలో ఏదో పుస్తకం చదువుకుంటున్నాను. అరుగు మీద నుంచి బావగారు, "ఆ చదువులమ్మను కాస్త వంటింట్లోకి కూడా దయచేయమను," అన్నారు. అక్కయ్యగారు తలుపు దగ్గరకు వచ్చి, "నీకు ఆకలేస్తోందేమో కనుక్కోమంటున్నారు మీ బావగారు," అన్నారు. నేను ఊరుకునేదాన్ని కాను. "పుస్తకం అయ్యాక వస్తానని చెప్పండి. ఈలోగా ఆయనకు ఆకలేస్తే ముందు తినమనండి," అన్నాను, అరుగుకు వినిపించేలాగే. ఆవిడ అటు తిరిగి, "వచ్చేస్తోందండి," అన్నారు.

ఇద్దరమూ విన్నాం. నేను పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళాను.

"మీరు మా మాటలు మార్చేస్తున్నారు," అని తరవాత నేను ఆవిడను నిలదీశాను. "మార్చలేదే. పొయ్యి మీంచి దించింది దించినట్టు వడ్డిస్తే నోళ్ళు కాలవూ? కాస్త చల్లార్చి పెట్టాను," అన్నారు. అలా ఆవిడ మా మాటలను ఏళ్ళ తరబడి చల్లార్చారు. ఆ చల్లార్చడంలో అర్థం ఎక్కడా పోయేది కాదు, వేడి మాత్రమే పోయేది. నాకు తెలిసినంతలో అది చాలా కష్టమైన విద్య. దానికి ఎక్కడా పట్టాలివ్వరు.

నర్సరీ మా వారు మొదలుపెట్టింది. పూలమొక్కలూ పండ్ల అంట్లూ పట్నాలకు చేరవేయడానికి ఎవరో కాంట్రాక్టరు వాడి వదిలేసిన, వెనక తొట్టి ఉన్న పాత పికప్ వ్యాను ఒకటి కొన్నారు. దాని మీదనే, కాలవగట్టు వెంట, నాకు డ్రైవింగు నేర్పారు. లైసెన్సు కూడా ఇప్పించారు. మాకు పిల్లలు లేరు. మొక్కలూ వ్యానే మా సంసారం. ఆయన పోయాక నేను నర్సరీలోని రెండు గదుల్లోనే ఉండిపోయాను. వ్యాను మాత్రం పాకలో పడి, రెండు వర్షాకాలాలు తడిసి, తలుపుల అంచులూ మడ్గార్డులూ తొట్టీ అంతా తుప్పు పట్టిపోయింది. మొక్కలు అద్దెబళ్ళ మీద దళారుల చేతికి పోయేవి. వాళ్ళు చెప్పిందే ధర.

పది పన్నెండేళ్ళ కిందట, జ్యేష్ఠమాసం చివరలో, బావగారు తన నిర్ణయం చెప్పారు. మామూలుగానే గుమ్మానికి అటువైపు నుంచి. "ఆషాఢంలో అమ్మకాలు పెట్టుకోకూడదు. శ్రావణం రాగానే పాత ఇనుము కొనే షావుకారు వస్తాడు, ఆ వ్యాను ఇచ్చేద్దాం. తోట కౌలుకిద్దాం. ఆడమనిషి ఒక్కర్తీ ఆ పాకల్లో ఎన్నాళ్ళుంటుంది? ఇంటికొచ్చి హాయిగా ఉండమను."

అక్కయ్యగారు నా వైపు తిరిగి, "నువ్వు ఒక్కదానివీ ఉంటున్నావని మీ బావగారు బెంగపడుతున్నారే," అన్నారు.

ఆయన బెంగ నిజమేనని నాకు తెలుసు. దుర్మార్గుడు కారు ఆయన. కాని వ్యాను పోతే తోట పోతుంది, తోట పోతే నేను నాదంటూ ఏమీ లేకుండా, ఒకరి వంటింట్లో పెట్టింది తిని, ఒకరి అరుగు చాటున బతకాలి. అందుకోసం నేను పుట్టలేదు. "మొక్కలు అమ్ముడయ్యేది వానాకాలంలోనేనని చెప్పండి. వ్యానుకు ఫిట్‌నెస్ చేయించి నేనే తోలుకుంటానని చెప్పండి," అన్నాను.

"ఆ తుప్పుకా? బ్రేకు ఇన్‌స్పెక్టరు దానికి కాగితమిస్తే నేనింక ఆ తోట ఊసే ఎత్తను. ఇవ్వకపోతే మాత్రం నా మాట వినాలి."

ఆ ఒక్క మాటను ఆవిడ చల్లార్చలేదు. దగ్గరకు వచ్చి, మెల్లగా, "విన్నావు కదా, ఆ మాట గట్టిగా పట్టుకో," అన్నారు.

చేతిలో ఉన్నదంతా ఇంజనుకూ బ్రేకులకూ టైర్లకూ సరిపోయింది. రాజమండ్రిలో రంగులు వేసే షెడ్డువాళ్ళు అడిగిన డబ్బు విని నమస్కారం పెట్టి వచ్చేశాను. నేనే వేద్దామనుకున్నాను. అప్పటిదాకా నేను కుంచె పట్టి రంగు వేసింది కాలేజీ రికార్డు పుస్తకంలో మందారపువ్వుకు మాత్రమే.

మర్నాడు మధ్యాహ్నం, బావగారు భోంచేసి కునుకు తీసే వేళకు, అక్కయ్యగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పాకలోకి వచ్చారు. చేతిలో ఒక బేసిను, అందులో చింతపండు పిప్పి, కళ్ళుప్పు, ఇటుకపొడి, కొబ్బరిపీచు.

"మీరెందుకొచ్చారు? బావగారికి తెలిస్తే?" అన్నాను.

"ఆయన అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే నిజం చెప్పను. జరుగు."

"ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదంటారు కదా, మీకు పట్టింపు లేదా?"

"ఇందులో కొత్తదేదీ నాకు కనపళ్ళేదే," అని వ్యానును పైనుంచి కిందికి ఒకసారి చూసి, కొబ్బరిపీచు ఉప్పులో అద్దారు.

ఆ ఇంట్లో గంగాళాలూ బిందెలూ గుండిగలూ ఆవిడ చేతిలో అద్దాలయ్యేవి. వ్యాను తలుపును కూడా ఆవిడ గుండిగను తోమినట్టే తోమారు. దానితో మాట్లాడుతూ తోమారు. "కదలకే... ఆ మూల చూడు, ఎన్నాళ్ళయిందో నీకు స్నానం చేయించి." నేను రెండో తలుపు పట్టుకున్నాను. సాయంత్రానికి తుప్పంతా కరిగిపోయి, ఇనుము వెండిలా బయటపడింది. బకెట్లతో నీళ్ళు కుమ్మరించి కడిగాం. ఇద్దరం దూరంగా నిలబడి చాలాసేపు చూసుకున్నాం. ఆవిడ పమిట చెంగుతో ముఖం తుడుచుకుంటూ, "షెడ్డువాడు ఏం చేస్తాడే ఇంతకంటే?" అన్నారు.

తెల్లవారి లేచి చూస్తే వ్యాను కాషాయం కట్టింది.

తలుపులు, మడ్గార్డులు, తొట్టి, మేము ఎక్కడెక్కడ తోమామో సరిగ్గా అక్కడంతా కొత్త తుప్పు. పాతదానికంటే ఎర్రగా, పొడిపొడిగా, వేలు పెడితే చేతికంటుతూ. ఉప్పూ పులుపూ తడీ కలిస్తే ఇనుము ఏమవుతుందో రసాయనశాస్త్రంలో నేను చదివానన్న సంగతి ఆ ఉదయం గుర్తొచ్చింది. ముందురోజు గుర్తు రాలేదు. మధ్యాహ్నం అక్కయ్యగారు వచ్చి, దాన్ని చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఏడుస్తారేమో అనుకున్నాను.

"అలిగింది," అన్నారు. "ఇత్తడి మర్యాద చేస్తే ఇనుము అలిగింది. పోనీలే, దాని మర్యాద ఏంటో కనుక్కుందాం."

కనుక్కున్నాం. గరుకు కాగితంతో పొడిగా రుద్దడం, కిరసనాయిలు గుడ్డతో తుడవడం, ఎండ ఉన్న గంటలోనే, ఇనుము మళ్ళీ మనసు మార్చుకునేలోగా, రెడ్ ఆక్సైడ్ పూయడం. ఒక్క తలుపు అయ్యేసరికి భుజాలు పడిపోయేవి. వాన వస్తే పని ఆపేవాళ్ళం. వాన వెలిస్తే ఎక్కడ ఆపామో అక్కడ మళ్ళీ గోకి మొదలుపెట్టేవాళ్ళం. ఇలా ఆషాఢం సగం కరిగిపోయింది. ఆవిడ ఒక్క మధ్యాహ్నం కూడా మానలేదు. నాకు నిరుత్సాహం వచ్చినప్పుడు ధైర్యం చెప్పేవారు కారు. "ఈ మూల నీదా నాదా?" అని మాత్రం అడిగేవారు. ఆ ప్రశ్న వింటే చెయ్యి దానంతటదే లేచేది.

రెడ్ ఆక్సైడ్ చేతులను వదలదు. కిరసనాయిలుతో కడిగినా గోళ్ళ చుట్టూ, అరచేతి గీతల్లో, వేళ్ళ కణుపుల మీద ఎర్రగా నిలిచిపోతుంది. అక్కయ్యగారికి ఆ చిక్కు రాలేదు. ఆషాఢమాసం, ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ గోరింటాకుతో ఎర్రగానే ఉన్నాయి. ఆవిడ చేతులు చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు. పైగా, "మీకెంత బాగా పండిందండీ!" అని పొరుగావిడ ఒకరు మెచ్చుకున్నారట. ఆ మాట చెప్పి పొట్ట పట్టుకుని నవ్వారు.

నా సంగతి వేరు. భర్త పోయిన ఆడది గోరింటాకు ముట్టుకోకూడదు.

మా నర్సరీ చుట్టూ గోరింట కంచె ఉంది. ఆ నెలలో ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి ఆకు దూసుకుపోయేవారు. అలా వచ్చిన ఎదురింటి పెద్దావిడ ఒకరోజు నా చేతులు చూసి, బుగ్గన వేలు పెట్టుకుని, "ఇదేంటమ్మా! నీక్కూడానా?" అన్నారు.

నిజం చెప్పడం ఎంతసేపు? వ్యాను అక్కడే ఉంది, డబ్బా అక్కడే ఉంది. కాని ఆవిడ అడిగిన తీరు నాకు నచ్చలేదు. రెండు చేతులూ చాపి, "అవునండీ. ఎంత బాగా పండిందో చూడండి," అన్నాను.

ఆవిడ దూసిన ఆకు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

"ఎందుకే అలా అన్నావు?" అని అక్కయ్యగారు తలపట్టుకున్నారు. "ఇప్పుడా మాట ఊరంతా తిరిగి మీ బావగారి దగ్గరికొస్తుంది."

"రానీండి," అన్నాను.

వచ్చింది. రెండు రోజులు తిరక్కుండా, మేం తొట్టి లోపలివైపు పూస్తుండగా, పాక బయట బావగారి చెప్పుల చప్పుడు వినిపించింది. కునుకు మానుకుని వచ్చారు. పాకకు వీపు పెట్టి, మొక్కల వైపు తిరిగి నిలబడి, గొంతు సవరించుకున్నారు. అంతలోనే, మాట అందించడానికి పక్కన భార్య లేదని గుర్తొచ్చినట్టుంది, అలాగే ఆగిపోయారు.

అక్కయ్యగారు తొట్టిలోంచి దిగి, మోచేతుల దాకా ఎర్రటి చేతులతో ఆయన ముందుకు వెళ్ళారు.

"నువ్వా?" అన్నారాయన. "నీకిక్కడేం పని?"

"రంగేస్తున్నానండి."

"రంగా?"

"అడిగారు కదా, చెప్పాను."

ఆయనకు అది మింగుడుపడలేదు. అయినా వచ్చిన పని మరచిపోకుండా, "ఆవిడతో చెప్పు. తమ్ముడు పోయి రెండేళ్ళేగా అయింది, ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుని మురిసిపోతోందని ఊరంతా చెప్పుకుంటున్నారు. నలుగురిలో తలెత్తుకోవాలా వద్దా నేను?" అన్నారు.

నేనూ తొట్టి దిగి వ్యాను చాటునే నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది. "అది గోరింటాకు కాదని చెప్పండక్కయ్యగారూ," అన్నాను. "అయినా సరే, నా చేతులకు ఏ రంగుండాలో ఊరు చెప్పక్కర్లేదని కూడా చెప్పండి."

నేను ఎదురుచూశాను. ఆయనా ఎదురుచూశారు. అలవాటు అటువంటిది. ఆవిడ ఇప్పుడు నా మాటను మెత్తగా చేసి ఆయనకు అందిస్తారు, ఆయన ఏదో గొణుగుతారు, దాన్ని మెత్తగా చేసి నాకు అందిస్తారు, ఇద్దరం ఎవరి కోపం వాళ్ళం దాచుకుని వెళ్ళిపోతాం.

ఆవిడ ఏమీ అందించలేదు.

"విన్నారు కదండీ," అన్నారు. "మీకు చెవులున్నాయి. దానికి నోరుంది. అది మీకు మరదలు, పరాయిది కాదు. ఇన్నేళ్ళూ అటు మాట ఇటు, ఇటు మాట అటు మోశాను. ఇవాళ నా చేతులు ఖాళీ లేవు. మీ ఇద్దరూ మాట్లాడుకోండి."

ఆ రెండు చేతులనూ తీసుకెళ్ళి ఆయన ముఖం ముందు పెట్టారు. "గోరింటాకో కిరసనాయిలో వాసన చూసి చెప్పండి."

బావగారు, ఊరు ఊరంతా ఎవరి ముందు గొంతెత్తడానికి జంకుతుందో ఆ మనిషి, మెడ వంచి భార్య అరచేతులు వాసన చూశారు. తుమ్మారు. అక్కయ్యగారి భుజాలు కదలడం నాకు వ్యాను చాటు నుంచే కనిపించింది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ పడ్డ అవస్థ అది.

నేను బయటకు వచ్చాను. ఆ ఇంటి కోడలినయ్యాక అంత దగ్గరగా ఆయన ముఖం చూడడం అదే మొదటిసారి. నేను అనుకున్నంత కఠినంగా లేదు. మా వారి ముఖమే, కాస్త వయసు మీరినది. ఆయన నా వైపు చూడలేక వ్యాను వైపు చూశారు. తలుపు మీద వేలు ఆనించి, వేలిని చూసుకున్నారు. అప్పుడు నాతో తన మొదటి మాట మాట్లాడారు.

"ఈ వానలకి ఇది ఆరుతుందామ్మా?"

"ఆరుతుందండి బావగారూ," అన్నాను.

మర్నాడు గడ్డివాము మీద కప్పే పెద్ద పరదా ఒకటి మనుషుల చేత మోయించుకొచ్చి, జల్లు కొట్టకుండా పాకకు కట్టించారు. తరవాత ఒక కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పందెం పందెమే, ఇన్‌స్పెక్టరు కాగితం ఇవ్వకపోతే వ్యాను షావుకారుకే అని ఆయన మరచిపోలేదు, మమ్మల్ని మరవనివ్వలేదు. కాని పని చెడిపోతుంటే చూస్తూ ఊరుకునే తత్వం కాదాయనది. "అమ్మాయ్, చక్రం పైన వదిలేశావు." "వదల్లేదండి, అది నీడ." "నీడ కాదు, దగ్గరికొచ్చి చూడు." "మీరే దగ్గరికి రండి బావగారూ." ఇలా సాగేది. మధ్యలో అక్కయ్యగారు నిట్టూర్చి, "నా ఉద్యోగం పోయిందే," అనేవారు.

పై రంగు కోసం రాజమండ్రిలో ఒక రంగుల కొట్టులో, మూతలు తెరిచి వాడగా మిగిలిన డబ్బాలు అడిగి తెచ్చాను. ఒకదానిలో ముదురు పచ్చ, ఒకదానిలో చిలకపచ్చ, ఇంకొకదానిలో కాస్త తెలుపు. పైన మీగడలా కట్టిన తొరకను అక్కయ్యగారు జాకెట్టుకు పెట్టుకున్న పిన్నీసుతో ఎత్తి అవతల పారేసి, పాత పంచెగుడ్డలో రంగును వడగట్టి, మూడూ ఒక్క డొక్కు బకెట్టులో పోసి తెడ్డుతో తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ అలవాటు కొద్దీ వాసన చూసి, ముఖం చిట్లించి, "ఉప్పు సరిపోయింది," అన్నారు. బావగారు కూడా నవ్వారు. వచ్చిన రంగుకు ఏ కొట్టులోనూ పేరుండదు. లేత అరటాకు ముదరడానికి ముందు ఒక్క రోజు ఆ రంగులో ఉంటుంది.

చివరికి బానెట్ మిగిలింది. ఆ రోజు వాన వెలిసేసరికే పొద్దు వాలింది. శ్రావణం దగ్గరపడుతోంది. మర్నాటికి వాయిదా వేద్దామంటే, బావగారు "చీకటి పడితే ఏం, దీపం తెప్పిస్తా," అని ఇంటినుంచి పెట్రోమాక్స్ లైటు తెప్పించి, సరిగ్గా బానెట్ పైన దూలానికి వేలాడదీయించారు. మాకోసం ఆయన చేసిన పెద్ద సాయం అది. చక్కటి వెలుతురులో, నున్నగా, కుంచె గీత కనపడకుండా బానెట్ అంతా పూర్తిచేసి నిలబడ్డాం. అప్పుడు వచ్చాయి ఉసిళ్ళు. తడిసిన నేలలోంచి, గుంపులు గుంపులుగా, రెక్కలతో. లైటు చుట్టూ తిరిగి, తడిరంగు మీద పరుచుకున్నాయి.

బావగారు కండువాతో విసురుతూ, "ఇవెక్కడినుంచి దాపురించాయి!" అని కేకలు.

"దీపం పెట్టి పేరంటానికి పిలిచింది మీరే కదండీ," అన్నారు అక్కయ్యగారు. "అందరూ వచ్చారు. తాంబూలాలివ్వండి."

ఆరిన తరవాత ఏరగలిగినన్ని ఏరాం. రెక్కలు కొన్ని రంగులోనే ఉండిపోయాయి. మళ్ళీ గోకి పూయడానికి రంగూ లేదు, రోజులూ లేవు.

ఆషాఢం వెళ్ళిపోయేముందు వ్యాను తోలుకుని రాజమండ్రి వెళ్ళాను. అక్కయ్యగారు పట్టుచీర కట్టుకుని ముందుసీట్లో నా పక్కన కూర్చున్నారు. ఆ వ్యానులో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు నడివయసు మనిషి. హారన్ కొట్టించారు, లైట్లు వేయించారు, తొట్టి కింద వంగి చూశారు, స్వయంగా తోలి బ్రేకు తొక్కారు. చివరికి బానెట్ దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇవేంటండీ?"

"ఉసిళ్ళండి," అన్నాను.

"రంగులో ఉసిళ్ళా? ఏ షెడ్డులో వేయించారు?"

"షెడ్డు కాదు. మేమే వేశాం."

ఆయన నన్నూ అక్కయ్యగారినీ మార్చి మార్చి చూశారు. అక్కయ్యగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎటువైపూ మొగ్గని ముఖంతో కూర్చుని ఉన్నారు. "ఉసిళ్ళుండకూడదని రూల్సులో ఎక్కడా లేదులెండి," అని ఆయన కాగితం మీద సంతకం పెట్టారు.

బావగారు మాట మీద నిలబడ్డారు. శ్రావణంలో వచ్చిన షావుకారుకు మజ్జిగ ఇచ్చి పంపేశారు. ఆ వానాకాలమే నా మొక్కలు నేనే పట్నాలకు తోలుకుపోయి, నా ధర నేనే చెప్పి అమ్ముకున్నాను. ఆనాటినుంచి ఈనాటిదాకా ఆ రెండు గదుల్లోనే, నా వంట నేను వండుకుని, నా కాళ్ళ మీద నేను నిలబడి బతుకుతున్నాను. అందుకు మా వారికి ఎంత రుణపడ్డానో, మా తోటికోడలికీ అంతే రుణపడ్డాను. ఈ సంగతి ఆవిడ ఉండగా ఒకసారి చెప్పబోయాను. "ఏంటే, ఉపన్యాసమా? ఆ చిక్కుడుకాయలు ఇలా పడెయ్," అని నా చేత కాయలు ఒలిపించారు.

కాగితం చేతికి వచ్చిన ఆ రోజు మాట ఒకటి మిగిలింది. ఇంటివైపు తిప్పబోతుంటే ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఆ కొత్త వంతెన మీద నుంచి పోతే కొవ్వూరేనటగా?"

"అవునండీ. కాని బావగారు కాగితం కోసం ఎదురుచూస్తుంటారు."

"చూడనీ. తిప్పు."

తిప్పాను. వంతెన ఎక్కాం. గోదావరికి ఎర్రనీరు దిగింది. ఆ కొసనుంచి ఈ కొసదాకా సుడులు తిరుగుతూ, నిండుగా పోతోంది. వంతెన సగానికి వచ్చేసరికి కిందనుంచి పెద్ద హోరు పుట్టింది. వ్యాను నేల అదరడం మొదలైంది.

"ఏంటే అది?"

"రైలు అక్కయ్యగారూ. ఈ వంతెన మీద రోడ్డు పైన, పట్టాలు కింద. మన కిందనుంచి రైలు వెళ్తోంది."

"మన కిందనుంచా!"

అంటూనే ఆవిడ గబుక్కున రెండు కాళ్ళూ పైకి తీసి సీటు మీద పెట్టుకున్నారు. రైలు తగులుతుందన్నట్టు. మరుక్షణం తానేం చేశారో తనకే తెలిసి నవ్వడం మొదలుపెట్టారు. పట్టుచీర మోకాళ్ళ చుట్టూ చుట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా. నేను వ్యానును వీలైనంత నెమ్మదిగా నడిపాను. రైలు పొడుగుగా, చాలాసేపు వెళ్ళింది. అది వెళ్ళిపోయాక కూడా ఆవిడ కాళ్ళు దించలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, కిటికీలోంచి నీళ్ళను చూస్తూ, కొవ్వూరు ఒడ్డు వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.